గొర్రెల అరుపు

ధ్యాన భాగము: 1 సమూయేలు 15వ అధ్యాయము





గొర్రెలను పెంచే ఇంటివారికి ఒక సంగతి బాగా తెలుసు. ఇంట్లో బంగారం దాచవచ్చు, ధాన్యం దాచవచ్చు, అప్పు కాగితం దాచవచ్చు. గొర్రెను మాత్రం దాచలేము. తలుపు వేసినా, తడిక అడ్డం పెట్టినా, పిల్లను తల్లినుండి విడదీసిన రాత్రి అది అరుస్తూనే ఉంటుంది. ఆ అరుపు వీధి చివరి ఇంటివరకు వినబడుతుంది.

ఈ నెల మనం ధ్యానించే అధ్యాయంలో ఒక రాజు గొర్రెలను దాచబోయాడు. అదీ ఒక ప్రవక్త దగ్గర. దాచడానికి అతడు వాడుకున్న తడిక ఏమిటో తెలుసా? ఆరాధన. మనం ఈ అధ్యాయాన్ని నెమ్మదిగా చదవవలసిన కారణం ఇదే. ఆరాధనను తడికగా వాడుకోవడం సౌలుతో ఆగిపోలేదు.

జరిగిన సంగతి ఇది. ఐగుప్తునుండి బయలుదేరి వస్తున్న ఇశ్రాయేలీయులలో అలసిపోయి వెనుకబడిన బలహీనుల మీద అమాలేకీయులు పడి కొట్టారు (ద్వితీ. 25:17-18). ఆ పాపానికి తీర్పు తీర్చే పనిని దేవుడు సౌలుకు అప్పగించాడు. దోపుడు సొమ్ములో ఒక్కటి కూడా ఉంచుకోకూడదన్నది ఆజ్ఞ. దేవుని తీర్పు మనిషికి లాభసాటి వ్యాపారం కాకూడదు. అలాంటి యుద్ధం ఈనాడు మనకు ఆజ్ఞాపించబడలేదు. మన పోరాటం మనుషులతో కాదని పౌలు చెప్పాడు (ఎఫెసీ. 6:12). మనం నేర్చుకోవలసింది యుద్ధం కాదు. తనకు స్పష్టంగా తెలిసిన ఆజ్ఞను సౌలు ఏమి చేశాడో, అది మనకు పాఠం.

సౌలు 2,00,000 మంది కాల్బలముతో, 10,000 మంది యూదావారితో వెళ్ళి జయించాడు. కర్మెలులో తన పేరట ఒక జ్ఞాపక స్తంభం నిలబెట్టుకున్నాడు. అక్కడనుండి గిల్గాలుకు వెళ్ళాడు. రాత్రంతా దేవునికి మొరపెట్టి, నిద్రలేని కళ్ళతో వచ్చిన సమూయేలుకు సౌలు ఎదురువెళ్ళి దీవెన మాటలు పలికాడు. దేవుని ఆజ్ఞ నెరవేర్చానని సంతోషంగా చెప్పాడు. అప్పుడు సమూయేలు అడిగిన ప్రశ్న చాలా చిన్నది: మరి నా చెవిన పడుతున్న ఈ గొర్రెల అరుపు ఎక్కడిది?

ఈ ప్రశ్న దగ్గర మనం కొంచెంసేపు నిలబడదాం. సౌలు హృదయంలో నాలుగు సంగతులు కనబడతాయి. నాలుగూ మన హృదయాలకు కూడా తెలిసినవే.

1. మంచివి మిగుల్చుకునే మనస్సు

తొమ్మిదవ వచనం చూడండి. సౌలు అన్నిటినీ మిగుల్చుకోలేదు. పనికిరానివాటిని, బక్కచిక్కినవాటిని పూర్తిగా నాశనం చేశాడు. క్రొవ్వినవాటిని, మేలైనవాటిని మాత్రం ఉంచుకున్నాడు. అంటే ఖర్చులేని చోట విధేయుడు, ఖర్చున్న చోట అవిధేయుడు.

మనం ప్రభువును నమ్ముకొన్నప్పుడు చాలా మానేశాము. జాతరకు వెళ్ళడం మానేశాము. ముహూర్తాలు చూడడం మానేశాము. కొందరు సారా మానేశారు. దేవునికి స్తోత్రం. అయితే ఏటా దుక్కి దున్నేటప్పుడు పక్కవాని గట్టులోనికి ఒక్క చాలు జరిగే అలవాటు మానేశామా? సరిహద్దు రాయి జరపవద్దని ధర్మశాస్త్రం చెప్పింది (ద్వితీ. 19:14). ఒక్క చాలే గదా అంటాము. పదేళ్ళలో అది పది చాళ్ళు. ఆ పక్కవాడు కూడా మన మందిరంలో మన వెనుక వరుసలోనే కూర్చుంటాడు. మనం కళ్ళు మూసుకొని పాడుతుంటే అతడు మన వీపు చూస్తుంటాడు.

మనకు ఆశలేని పాపాన్ని విడిచిపెట్టడం సులభం. తాగుడు అలవాటు లేనివాడు తాగుడును గట్టిగా ఖండిస్తాడు. అతన్ని వడ్డీ సంగతి అడిగి చూడండి, మాట మెత్తబడుతుంది. మన విధేయత ఎంతో తెలియాలంటే విడిచిపెట్టినవాటి పట్టీ చూస్తే చాలదు, మిగుల్చుకొన్నవాటి పట్టీ కూడా చూడాలి.

2. దేవుని పేరుతో కప్పుకునే మనస్సు

సమూయేలు అడిగినదానికి సౌలు చెప్పిన జవాబు వినదగ్గది (15వ వచనం). గొర్రెలను తెచ్చినది "వారు". మిగిల్చినది "జనులు". నాశనం చేసినది మాత్రం "మేము". తప్పు దగ్గర వారు, ఒప్పు దగ్గర మేము! ఇంకొకటి గమనించండి. ఆ గొర్రెలు ఎందుకంటే, దేవునికి బలి అర్పించడానికట. ఏ దేవునికి? "నీ దేవునికి" అన్నాడు సమూయేలుతో. నా దేవునికి అనలేదు. ఈ అధ్యాయంలో మూడుసార్లు సౌలు నోట ఆ మాట అలాగే వస్తుంది (15, 21, 30 వచనాలు). హృదయం దూరమైనవాని నోట దేవుడు పాస్టరుగారి దేవుడైపోతాడు.

వద్దన్న గొర్రెను తెచ్చి దేవునికే అర్పిస్తానంటే దేవుడు ఏమనాలి? వినడం బలికంటే శ్రేష్ఠమని సమూయేలు చెప్పిన జవాబు (22వ వచనం) మనకు కంఠస్థమే. కంఠస్థమైనంత సులభంగా అది హృదయస్థం కాలేదు.

మన మందిరాలలో ఫ్యాన్ల రెక్కల మీద, బల్లల మీద, గోడ గడియారం మీద దాతల పేర్లు వ్రాసి ఉంటాయి. ఇచ్చినవారిని దేవుడు దీవించును గాక. అయితే నాట్లు వేసిన కూలీల డబ్బు నెలల తరబడి ఆపి, ఆ డబ్బుతోనే ఫ్యాను కొని తెస్తే? ఆ ఫ్యాను క్రింద ఆ కూలి మనిషే కూర్చొని ఉంటే? ఆపివేసిన కూలి మొరపెడుతుందనీ, ఆ మొర సైన్యములకధిపతియగు ప్రభువు చెవిని చేరిందనీ యాకోబు వ్రాశాడు (యాకోబు 5:4). కూలి డబ్బుకు నోరున్నది. అదీ గొర్రె అరుపే.

ప్రభువైన యేసు కాలంలో ఇదే తడికకు "కొర్బాను" అని పేరు. తల్లిదండ్రులకు పెట్టవలసినదాన్ని దేవునికి ప్రతిష్ఠించాను అనేస్తే, ఇక పెట్టనక్కరలేదన్నది ఆచారం. దేవుని మాటను దేవుని పేరుతోనే కొట్టివేస్తున్నారని ప్రభువు వారిని గద్దించాడు (మార్కు 7:9-13). మన ఊళ్ళలో ముసలితల్లి నెలకొక కొడుకు ఇంట వంతుల మీద తింటుంది. ముప్పై ఒకటవ తేదీ ఎవరి వంతు అని తగాదా వస్తుంది. ఆ ముప్పై ఒకటవ తేదీనే మనం ఉపవాస కూటానికి వెళ్ళి చేతులెత్తితే, ఆ చేతులను దేవుడు ఎలా చూస్తాడు? యెషయా మొదటి అధ్యాయం చదవండి.

3. మనుషులకు భయపడే మనస్సు

ఎట్టకేలకు సౌలు అసలు సంగతి ఒప్పుకున్నాడు. జనులకు భయపడి వారి మాట విన్నానన్నాడు (24వ వచనం). ఇక్కడ నేను ఇతరుల గురించి కాక నా గురించి చెప్పాలి. చెప్పకపోతే ఈ వ్యాసమే నాకు తడిక అవుతుంది.

కొన్ని సంవత్సరాల క్రితం నేను సేవ చేసిన ఒక సంఘంలో రెండు విశ్వాసుల కుటుంబాల మధ్య సంబంధం కుదిరింది. అబ్బాయి తండ్రి సంఘపెద్ద. అప్పుడు మా మందిరం గోడలు లేచి, పైన శ్లాబు వేయడానికి డబ్బు లేక ఆగిపోయి ఉంది. సిమెంటు అంతా నేను చూసుకుంటానని ఆ పెద్ద మాట ఇచ్చాడు. అమ్మాయి తండ్రికి రెండెకరాల మాగాణి ఉండేది. కట్నం కోసం ఒక ఎకరం అమ్మాడు. ఆ సంగతి నాకు తెలుసు. ఊరందరికీ తెలుసు.

ప్రధానం రోజున లోపలి గదిలో చాప మీద డబ్బు లెక్కపెట్టారు. సగం అప్పుడు, మిగతా సగం పెళ్ళికి ముందు అని మాట. లెక్క సరిపోయాక ఆ కట్టలను పళ్ళెంలో పెట్టి, దానిమీద ఒక బైబిలు పెట్టి నా ముందుకు తెచ్చారు. "అయ్యగారూ, అంతా సక్రమంగా జరిగింది, ప్రార్థన చేయండి" అన్నారు. నేను ఆ పళ్ళెం మీద చెయ్యి పెట్టాను. అవసరాలన్నీ తీర్చిన దేవునికి స్తోత్రం చెప్పాను. కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమని 1961లోనే చట్టం వచ్చిన సంగతి నాకు తెలియక కాదు. పొరుగువాని పొలం ఆశించకూడదన్న దేవుని ఆజ్ఞ అంతకంటే ముందే తెలుసు (ద్వితీ. 5:21). నాకు శ్లాబు కనబడింది. ఆ పెద్ద ముఖం కనబడింది.

తరువాత రెండు నెలలు అమ్మాయి తండ్రి మందిరానికి వచ్చేవాడు గాని ప్రభురాత్రి భోజనం సమయానికి లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. ఒకరోజు వారింటికి వెళ్ళి, ఎందుకు సంస్కారం తీసుకోవడం లేదని మందలించినట్టుగానే అడిగాను. ఆయన నన్ను మంచం మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇప్పించి, నెమ్మదిగా అన్నాడు: "ఆరోజు మీరు ప్రార్థనలో కళ్ళు మూసుకున్నారు అయ్యగారూ. నేను మూసుకోలేదు. మీరు ఒక్క మాట అంటారేమోనని చూశాను. మీరు అనలేదు. అయితే దేవునికి కూడా ఇది సమ్మతమే కాబోలు అనుకున్నాను. అప్పటినుండి నాకు రొట్టె దగ్గరికి రావాలనిపించడం లేదు."

ఆ రాత్రి నాకు గొర్రెల అరుపు వినబడింది. ఆదివారం ప్రసంగానికి సిద్ధపడదామని బైబిలు తెరిచాను, ఒక్క మాట నడవలేదు. నా భార్యతో చెప్పాను. ఆమె అంతా విని, "ముందు వాళ్ళింటికి వెళ్ళి రండి, ప్రసంగం తర్వాత సిద్ధపడుదురుగాని" అన్నది.

తెల్లవారి వెళ్ళి ఆయనను క్షమాపణ అడిగాను. అక్కడనుండి అబ్బాయి తండ్రి దగ్గరికి వెళ్ళాను. నా తప్పు ముందు చెప్పుకొని, ఆ తరువాత ఆయన తప్పు చెప్పాను. ఆయనకు చాలా కోపం వచ్చింది. "అందరూ తీసుకునేదే గదా అయ్యగారూ, మా అమ్మాయికి మేము ఇవ్వలేదా?" అన్నాడు. అది నిజమే. వారు తమ కుమార్తె పెళ్ళికి చేసిన అప్పు ఇంకా తీరలేదు. ఆ బరువును తెచ్చి మరొక కుటుంబం మీద దించుకుంటున్నారు. అలా ఒక తండ్రి మీదనుండి మరొక తండ్రి మీదికి జరుగుతూ ఆ బరువు మన సంఘాలన్నిటిలో తిరుగుతున్నది.

ఆ పెద్ద నాలుగు ఆదివారాలు మందిరానికి రాలేదు. సిమెంటు రాలేదు. మేము మరో సంవత్సరంపైన రేకుల క్రిందనే ఆరాధించాము. అయితే ఆ అబ్బాయి తల్లిదండ్రులతో మాట్లాడి, మిగతా సగం మాకు వద్దని తానే వచ్చి మామగారితో చెప్పాడు. పెళ్ళి జరిగింది. పెళ్ళి తరువాత వచ్చిన మొదటి ప్రభురాత్రి భోజనానికి ఆ తండ్రి లేచి ముందుకు వచ్చాడు. అమ్మిన ఎకరం మాత్రం తిరిగి రాలేదు. ఇప్పటికీ అది వేరొకరు దున్నుతున్నారు. నేను నోరు తెరవవలసిన రోజున తెరచి ఉంటే ఆ పొలం ఆయనకు దక్కేదేమో. నా పశ్చాత్తాపాన్ని దేవుడు అంగీకరించాడని నమ్ముతున్నాను. కానీ ఆలస్యమైన విధేయతకు ఎవరో ఒకరు వెల చెల్లిస్తారు. చాలాసార్లు ఆ వెల చెల్లించేది తప్పు చేసినవాడు కాదు.

భయపడకుండా నిలిచినవారు కూడా మన తెలుగు సంఘ చరిత్రలో ఉన్నారు. జె. ఇ. క్లౌ దొరగారు 1866లో ఒంగోలుకు వచ్చినప్పుడు, పై కులాలవారు కొందరు సువార్త వినడానికి ఆసక్తి చూపారు. తాళ్ళకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్యగారి ద్వారా మాదిగవారు విశ్వాసంలోనికి రావడం మొదలైంది. వారిని చేర్చుకుంటే మేము రామని పై కులాలవారు చెప్పారు. పలుకుబడి గలవారిని పోగొట్టుకోవడం ఏ సేవకునికైనా కష్టమే. ఆయనా, ఆయన భార్యా ఆ సంగతిపై వేర్వేరుగా ప్రార్థిస్తూ బైబిలు తెరచినప్పుడు ఇద్దరికీ ఒకే భాగం, 1 కొరింథీ. 1:26 మొదలుకొని, కనబడిందని ఆయన చెప్పుకున్నారు. లోకం లెక్కలోనికి తీసుకోనివారిని దేవుడు ఏర్పరచుకున్నాడని అక్కడ ఉంది. వారు ఆ మాటకే లోబడ్డారు.

తరువాత 1876-78 కరువు వచ్చింది. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని క్లౌ గారు కాంట్రాక్టుకు తీసుకొని ఆకలిగొన్నవారికి పని ఇచ్చారు. ఆ రోజుల్లో బాప్తిస్మము అడిగినవారు వేలమంది. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని, 15 నెలలపాటు బాప్తిస్మాలు ఆపివేశారు. కరువు సాయం నిలిచిపోయాక కూడా వారు వచ్చి అడుగుతూనే ఉన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ సంఖ్యను మనం గర్వంగా చెప్పుకుంటాము. ఆ సంఖ్య వెనుక ఉన్న 15 నెలల ఎదురుచూపును కూడా చెప్పుకోవాలి. హృదయం నిజమో కాదో తేలేవరకు వారు ఆగారు.

మరి వారి పిల్లల పిల్లలమైన మనం? ఒకే రొట్టె విరుచుకుంటాము, సంబంధం దగ్గర కులం అడుగుతాము. సంఘ ఎన్నికలు వస్తే ఎవరు ఏ పేటవారో లెక్కపెట్టుకుంటాము. "అందరూ చేసేదే గదా" అంటాము. సౌలు అన్నదీ అదే.

4. ఘనత పోకూడదనే మనస్సు

సౌలు చివరికి పాపం చేశానన్నాడు. కానీ ఆ వెంటనే ఏమి అడిగాడో చూడండి: నా జనుల పెద్దల ముందు, ఇశ్రాయేలీయుల ముందు నా గౌరవం నిలబెట్టు, నాతో కూడా తిరిగి రా, ఆరాధన చేస్తాను (30వ వచనం). దేవుడు తనను విసర్జించాడన్న మాట ఇంకా చెవిలో ఉండగానే, అతని దిగులంతా పెద్దలు ఏమనుకుంటారో అన్నది.

ఆ తరువాతి వచనం నాకు ఈ అధ్యాయమంతటిలో దుఃఖకరమైనది. సమూయేలు అతని వెంట వెళ్ళాడు, సౌలు ఆరాధించాడు. జనులు చూశారు. పెద్దలు చూశారు. రాజుగారు ఎంత భక్తిపరుడు అనుకొని ఉంటారు. లోపల మాత్రం గొర్రెలు అరుస్తూనే ఉన్నాయి.

దావీదు పాపం సౌలు పాపంకంటే చిన్నది కాదు. కానీ నాతాను వచ్చి నీవే ఆ మనిషివి అని చెప్పినప్పుడు దావీదు "జనులు" అనలేదు, "నా గౌరవం" అనలేదు. ప్రభువుకు విరోధంగా పాపం చేశానని ఒక్కమాటలో ఒప్పుకున్నాడు (2 సమూ. 12:13). దేవుడు కోరేది విరిగిన మనస్సని 51వ కీర్తనలో పాడాడు. రాజు తన పాపాన్ని పదిమంది పాడుకునే పాటగా ఇవ్వడానికి సిగ్గుపడలేదు. సౌలుకూ దావీదుకూ మధ్య ఉన్న తేడా పాపం పరిమాణంలో లేదు, దొరికిపోయినప్పుడు ఏమి పట్టుకొని వ్రేలాడారన్నదానిలో ఉంది. ఒకడు సమూయేలు అంగీ చెంగు పట్టుకున్నాడు, మరొకడు దేవుని కృపను పట్టుకున్నాడు.

మరి ఏమి చేయాలి?

మొదట, వినండి. ప్రార్థన చేస్తుండగా ఒకే మనిషి ముఖం మళ్ళీ మళ్ళీ జ్ఞాపకం వస్తున్నదా? దానిని సాతాను శోధన అని తోసివేయకండి. పాట గట్టిగా పాడి దానిని అణచివేయకండి. పరిశుద్ధాత్ముడే మిమ్మును అడుగుతున్నాడేమో: ఈ అరుపు ఎక్కడిది?

రెండవది, పేరు పెట్టి ఒప్పుకోండి. "ప్రభువా, తెలిసీ తెలియక చేసిన పాపములు క్షమించుము" అని గుంపుగా చెప్పేస్తే చాలదు. ఫలానా గట్టు, ఫలానా కూలి, ఫలానా మాట అని చెప్పండి. "వారు" అనడం మాని "నేను" అనండి.

మూడవది, లేచి వెళ్ళండి. సహోదరునికి మన మీద ఏదైనా ఉన్నదని బలిపీఠం దగ్గర జ్ఞాపకం వస్తే, అర్పణను అక్కడే వదలి వెళ్ళి సమాధానపడమని ప్రభువు చెప్పాడు (మత్తయి 5:23-24). ఈ మాట విన్నవారిలో చాలామంది గలిలయవారు. బలిపీఠం ఉన్నది యెరూషలేములో. మధ్య దూరం 100 కిలోమీటర్లకు పైనే. కాలినడకన రోజుల ప్రయాణం. గొర్రెను అక్కడ వదలి, ఊరికి నడచివచ్చి, అన్నతో సమాధానపడి, మళ్ళీ నడచివెళ్ళి అర్పించాలి! అంత శ్రమపడినా సరే, అది ముందు జరగాలన్నాడు ప్రభువు. మనకు ఆ ప్రయాణం లేదు. మన సహోదరుని ఇల్లు రెండు వీధుల అవతల ఉంది. అయినా మనకు అది యెరూషలేముకంటే దూరమైపోయింది.

తిరిగి ఇవ్వగలిగినది తిరిగి ఇవ్వండి. జక్కయ్య కన్నీళ్ళతో సరిపెట్టలేదు, నాలుగింతలు ఇస్తానన్నాడు (లూకా 19:8). ఇవ్వలేనిదైతే, వెళ్ళి ఇవ్వలేనని దీనంగా చెప్పండి.

ఇక్కడ సున్నితమైన మనస్సాక్షి గలవారికి ఒక మాట. ఇవన్నీ సరిచేసుకుంటేనే దేవుడు నన్ను చేర్చుకుంటాడని భయపడి మందిరానికి దూరం కాకండి. మన విధేయత మనలను రక్షించదు. సౌలు గొర్రెలు అరిచాయి, మన గొర్రెలు అరుస్తున్నాయి. కానీ మన కొరకు వధకు తేబడిన ఒక గొర్రెపిల్ల మౌనంగా ఉన్నాడని యెషయా చెప్పాడు (53:7). మనం మిగుల్చుకున్నచోట ఆయన ఏమీ మిగుల్చుకోలేదు. మరణము వరకు, సిలువ మరణము వరకు కూడా విధేయుడయ్యాడు (ఫిలిప్పీ. 2:8). ఆయన రక్తమే మనకు ఆధారం. ఆ రక్తంలో కడుగబడినవాడు మాత్రం తన దొడ్డి తలుపు మూసి ఉంచడు. తెరచి, "ప్రభువా, ఇదిగో నేను దాచినది" అంటాడు.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మేము నీకిచ్చినవాటిని లెక్కపెట్టుకున్నాము గాని, మిగుల్చుకున్నవాటిని లెక్కపెట్టలేదు. నీ పేరుతో మా అవిధేయతను కప్పుకున్నాము. మనుషులకు భయపడ్డాము. మమ్మును క్షమించుము. మేము వెళ్ళవలసిన ఇల్లు మాకు జ్ఞాపకం చేయుము, వెళ్ళుటకు కాళ్ళకు బలమిమ్ము. నోరు తెరువని దేవుని గొర్రెపిల్లయైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు:

1. మన ఇంటిల్లిపాది కలిసి 1 సమూయేలు 15:10-31 చదవండి. సౌలు "వారు", "జనులు" అన్న చోట్లను పిల్లలచేత చెప్పించండి.

2. మన కుటుంబం ఇవ్వవలసిన కూలి, అప్పు, హద్దు ఏమైనా ఉన్నదా? ఈ నెలలో ఏది సరిచేయగలము?

3. మన ఇంట పెళ్ళీడుకొచ్చిన పిల్లలున్నారా? సంబంధం మాట్లాడకముందే కట్నం విషయం దేవుని ముందు తేల్చుకోండి. పళ్ళెంలో డబ్బు పెట్టాక, దానిమీద బైబిలు పెట్టాక, నావంటి సేవకుడు కళ్ళు మూసుకున్నాక చాలా ఆలస్యమవుతుంది.